ఏడో ఎక్కంలో గిడ్డమ్మ మేకలు

"ఏడెనిమిదులు?"

"యాభై ఆరు" అని బడంతా ఒక్క అరుపు అరిచింది.

"అట్ల చెప్పల్ల. ఊపిరి తీసుకున్నోళ్లకు బెల్లం లేదు" అన్నాడు బడి కమిటీ చైర్మన్ సుంకన్న.

మూడేళ్లు కర్నూలు విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగితే ఇప్పటికి ఆ బడికి లెక్కల టీచరును వేశారు. ఆ రోజే చేరే రోజు. ఇన్నాళ్లూ ఆత్మకూరు హైస్కూలుకు పోయిన పిల్లలంతా లెక్కల్లో తప్పి, తిరిగొచ్చి మేకల వెంట పడుతున్నారు.

పొద్దుటి బస్సు దిగిన ఒకామె బడి అరుగు మీద కూర్చుని ఉంది. నలిగిన చీర, భుజాన సంచి.

"అన్నా, నేను..."

"నీళ్లు తాగి పో తల్లీ. ఈ పొద్దు మాకు కొత్త సారు వస్తాండాడు. మాట్లాడే తీరిక లేదు."

సుంకన్న పూలమాల తేవడానికి పోయాడు.

ఆమె లోపలికొచ్చి ముందు వరసలోని స్తుతి అనే పిల్లను అడిగింది.

"ఏడెనిమిదులు యాభై ఆరే ఎందుకయిందమ్మా?"

"యాభై ఐదంటే సుంకన్న మామ కొడతాడు."

ఆమె నవ్వి పిల్లలను బయటికి తీసుకుపోయింది. ఏడు వరసలు, వరసకు ఎనిమిది మంది. పిల్లలు చాలలేదు. అటుగా మేకలు తోలుకుపోతున్న గిడ్డమ్మను ఆపి, ఖాళీల్లో మేకలను నిలబెట్టించింది.

"నా మేకలకు సదువెందుకమ్మా? అవి గూడా ఫెయిలయితే యాడికి తోలల్ల?" అంది గిడ్డమ్మ.

"ఒక వరస తీసేస్తే ఎన్ని?" అని ఆమె స్తుతిని అడిగింది.

స్తుతి చాలాసేపు వరసలను చూసింది. వేళ్లు ముడిచింది, విప్పింది. ఆమె తొందరపెట్టలేదు.

"నలభై ఎనిమిది. ఆరెనిమిదులంటే ఇదేనా?"

అప్పుడే సుంకన్న మాలతో వచ్చాడు.

"ఒక్క జవాబుకు ఇంతసేపా? సారు చూస్తే ఊరి పరువేం గావల్ల? పిల్లోళ్లను మేకల్లో కలిపితివి. నడువు తల్లీ, మధ్యాన్నం బస్సొచ్చింది."

"ఒక్క మాట చెప్పనీయన్నా."

"మళ్లొచ్చినప్పుడు చెబుదువులే."

సుంకన్న ఆమె సంచిని లోపలేసి, ఆమెను ఎక్కించాడు. బస్సు కదిలింది. స్తుతి దాని వెంట పరుగెత్తింది.

"అమ్మా, రెండు వరసలు తీసేస్తే నలభై."

కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. తర్వాత దుమ్మే మిగిలింది.

సాయంత్రానికి మాల వాడింది. చివరి బస్సులోంచి ఎవరూ దిగలేదు.

"ఏమప్పా, మా లెక్కల సారు యాడ?" అని సుంకన్న కండక్టరును అడిగాడు.

"సారేందన్నా? ఇంకో ఊరికి వేయమని అడుక్కుంటానని, కండ్లు తుడుసుకుంటా కర్నూల్లో ఆఫీసు కాడ దిగిపాయ."

"ఎవరు?"

"మీ లెక్కల టీచరమ్మ. మధ్యాన్నం నువ్వే గదా ఎక్కించింది."