ఎడమకు తిరిగిన తీగ

మందుమొక్కల పుస్తకానికి తాను చెక్కిన చెక్కదిమ్మ మీంచి మొదటి అచ్చుకాగితం లేపగానే అతని మొహం పాలిపోయింది. తీగ ఎడమకు చుట్టుకుంది! మందుతీగ కుడికి తిరుగుతుంది. ఎడమకు తిరిగేది విషతీగ. మిగతా ఆకూ పువ్వూ అచ్చం ఒక్కటే.

“కొంప మునిగిందే! వైద్యులు దీన్ని చూసి విషం నూరి పోస్తారు. అచ్చులో తిరగబడుతుందని, నీ బొమ్మని అద్దంలో చూస్తూ తిప్పే చెక్కానే!”

బొమ్మ గీసిన భార్య నాలుక కరుచుకుంది.

“అయ్యో, నేనూ తిప్పే గీశానండీ. అద్దంలోకి చూసి చూసి మీ కళ్లు నీళ్లు కారుతున్నాయని... చెబితే వద్దంటారని చెప్పలేదు.”

“అంటే నువ్వోసారి, నేనోసారి, అచ్చు ఇంకోసారి!”

అతను గాల్లో వేలు గిరగిరా తిప్పాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నవ్వుతూనే ఆమె కాగితం మీద బొమ్మ కింద, “విషతీగ. ముట్టుకోకండి” అని రాసింది.

“దీన్నీ పుస్తకంలో పెడదామండీ. పక్కనే మందుతీగ ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది.”

అతను కొత్త దిమ్మ అందుకున్నాడు.

“సరే, ఈసారీ నువ్వే తిప్పి గియ్యి. నేను అద్దం అటకెక్కించేస్తా.”