అరువు సిస్టర్లు

ఎమర్జెన్సీలో నర్సులు ఎంతమంది కావాలో తేల్చడానికి హెడ్డాఫీసు నుంచి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. తనిఖీ అంటే వార్డు నిండుగా కనపడాలి. అందుకని మా మిర్యాలగూడ ఆసుపత్రి మేనేజరు నగేష్, కోదాడ బ్రాంచిలో ఉన్న ఇద్దరు సిస్టర్లనూ పొద్దున్నే కారులో తెప్పించాడు. మామూలుగా మా దగ్గర ఉండేది శ్రీవాణి సిస్టర్ ఒక్కతే. తోడుగా ఇంకొకరు కావాలని ఆమె ఏడాదిగా అడుగుతోంది.

ఆఫీసరు ముగ్గురినీ చూసి మెచ్చుకున్నాడు. పని తొందరగా తెమిలిందని, మర్నాడు చూడాల్సిన కోదాడకు ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. అక్కడ పాము కరిచిన రైతు పక్కన వాచ్‌మన్ సెలైన్ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సాయంత్రానికి ఆర్డరు వచ్చింది. మిర్యాలగూడలో నర్సులు ఎక్కువగా ఉన్నందున ఇద్దరిని కోదాడకు పంపాలి.

ఇద్దరూ వచ్చిన కారులోనే తిరిగి వెళ్లారు. నగేష్ ఊపిరి పీల్చుకున్నాడు.

"మరి నాకు తోడు ఎవలొస్తరు సార్?" అని అడిగింది శ్రీవాణి.

"నిన్నటిదాంక అడగొచ్చుండె సిస్టర్. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని అడగాలె? మన దగ్గర ఎక్కువుండబట్టే కద ఇద్దర్ని ఇచ్చినం."