పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం

లిఫ్టు తలుపు మూడోసారి తెరుచుకుంది. హెల్వీ అడుగు ముందుకు వెయ్యలేదు.

"నన్ను తొందరపెట్టకండి మాస్టారూ. తాడు తెగితే మీరు పట్టుకుంటారా?"

ఆమె చేతిలో అప్పుడే కాల్చిన ఏలకుల రొట్టె ఉంది. మూడో అంతస్తులో అక్క సైమా ఉంది. తుంటి విరిగి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన సైమాకి ఆ రోజుతో ఎనభై నిండాయి. హెల్వీని మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, భయం లిఫ్టెక్కనివ్వదు. ఒకే భవనంలో తాను కిందా అక్క పైనా ఉంటూ ఆరు వారాలుగా అక్కచెల్లెళ్లవి ఫోను మాటలే.

పక్కింటి హార్లన్ డులూత్‌లో ముప్ఫై నాలుగేళ్లు హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. ఏ భయానికైనా మందు లెక్కేనని ఆయన నమ్మకం. హెల్వీని గోడవారనున్న బల్ల మీద కూర్చోబెట్టి, రొట్టె మీద కప్పిన కాగితం లాగి, దాని మీద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాడు.

"ఇదీ లిఫ్టు."

"ఇంత చిన్నదా? అయితే అసలే ఎక్కను."

ఆయన నవ్వాపుకున్నాడు. లిఫ్టూ, అందులో మనుషులూ, రొట్టె, అన్నీ ఆ చుక్కేనన్నాడు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటే పెద్ద విద్యేం కాదనీ, వస్తువుని ఒంటరిగా నిలబెట్టి, దాన్ని ఏ బలం ఎటు లాగుతోందో బాణాలు గీసి చూడడమేననీ చెప్పాడు. కిందికి ఒక బాణం గీశాడు. అది బరువు, మూడు వేల పౌండ్లు. పైకి ఇంకోటి గీశాడు. అది తాళ్లలోని తన్యత, అంటే అవి లిఫ్టుని పైకి లాగే బలం. కదలకుండా నిలబడితే రెండూ సమానం.

"మరి కదిలితే?" అంది హెల్వీ.

పైకి బయల్దేరేటప్పుడు పై బాణం కాస్త పెరగాలనీ, ఆగబోయేటప్పుడు కాస్త తగ్గాలనీ చెప్పి, ఆయన బయల్దేరేటప్పటి పై బాణం పక్కన మూడు వేల మూడు వందలని రాశాడు. నాలుగు ఉక్కు తాళ్లనుకుంటే ఒక్కోదాని వంతు ఎనిమిది వందల పాతిక.

"ఒక్కో తాడూ పది వేలు మోస్తుంది. మూడు తెగినా నాలుగోది నవ్వుతూ లాగేస్తుంది."

"మూడు ఎందుకు తెగుతాయి?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని హార్లన్‌కి అప్పుడు తోచింది. భాగహారం మళ్లీ చేసి చూపించమంది హెల్వీ. చేశాడు. ఆమె వేళ్ల మీద సరిచూసుకుని, రొట్టె ఆయన చేతికిచ్చి, కాగితం తాను పట్టుకుని, కళ్లు మూసుకుని లిఫ్టులోకి అడుగుపెట్టింది.

లిఫ్టు కదిలింది. మోకాళ్ల మీద బరువు పడింది. "పై బాణం పెరిగింది," అని గొణిగింది. ఆగబోతుంటే కడుపు తేలిపోయినట్టయింది. "తగ్గింది."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా చక్రాల కుర్చీలో సైమా. సైమా రొట్టె తుంచి ముందు చెల్లెలికే పెట్టింది. హార్లన్ పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

అక్కడే కొలీన్ పనిముట్ల పెట్టె సర్దుకుంటోంది. ఏటా వచ్చి లిఫ్టు తనిఖీ చేసే మెకానిక్ ఆమె. హార్లన్ గర్వంగా కాగితం చూపించి, దీనికి తాళ్లు నాలుగేనా అని అడిగాడు.

"బొమ్మ బాగుంది సార్. కానీ దీనికి తాళ్లు లేవు. మూడంతస్తులేగా, కింద గొట్టంలో నూనె ఒత్తిడికి ఒక ఇనప కడ్డీ పైకి లేస్తుంది. అదే లిఫ్టుని తోస్తుంది. కట్టినప్పట్నుంచీ ఇంతే."

హార్లన్ మొహం పాలిపోయింది. హెల్వీ ఎక్కడ పడిపోతుందోనని గబుక్కున తిరిగి చూశాడు. ఆమె బట్టల మీద పడ్డ రొట్టె పొడి దులుపుకుంటోంది.

"తాడు లాగితేనేం, కడ్డీ తోస్తేనేం మాస్టారూ. పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం. మీరేగా చెప్పారు."

రొట్టె అయిపోయాక హెల్వీ ఒక్కతే నింపాదిగా లిఫ్టెక్కింది. తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, రండి మాస్టారూ అంది.

"మీరు పదండి," అన్నాడు హార్లన్ మెట్ల వైపు నడుస్తూ. "కడ్డీ లెక్క నేనింకా కట్టలేదు."