కుర్చీ వెనక్కి పోయిన తోక

దయ్యాల ఆచూకీ తీసే కుర్రాళ్ల బొమ్మల కథ అది. కథ అక్కది, బొమ్మలు చెల్లెలివి. చెల్లెలు మాటల బుడగలు ఖాళీగా వదిలితే, అక్క వచ్చి నింపుతుంది. తెల్లారేసరికి ఆఖరి పేజీలో దయ్యం మారకపోతే పుస్తకమే వెయ్యనని అచ్చేసే పెద్దమనిషి తెగేసి చెప్పాడు. దాన్ని చూసి ఆయనగారి పిల్లలు పడీపడీ నవ్వారట. గియ్యడం చేతకానివాడికి వంకలు పెట్టడం మాత్రం బాగా వచ్చు.

చెల్లెలు కాఫీ కలుపుకుని వచ్చేసరికి ఒక బుడగ నిండి ఉంది. "నా ముక్కు ఇలా ఉంటుందా?"

ఒళ్లు మండి ఫోన్ చేసింది.

"వెక్కిరించడానికి ఇదా టైము? ఎప్పుడొచ్చి రాశావే అక్కా?"

"నేనెక్కడ రాశానే? అత్తయ్య వాళ్లింట్లో పడుకున్నా. నిద్ర చెడగొట్టకు తల్లీ."

బుడగ తోక ఎవరి వైపుంటే మాట వాళ్లది. ఈ తోక బొమ్మలోని దయ్యం వైపు లేదు. కాగితం అంచు దాటి, బల్ల మీదుగా పాకి, చెల్లెలి కుర్చీ వెనక్కి పోయింది. సిరా ఇంకా తడిగానే ఉంది.

తిరుగుతున్న ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. చెల్లెలు దయ్యం ముక్కు చెరిపి, కురచగా గీసింది.

"ఇప్పుడు బాగుందాండీ?" వంకలు పెట్టేవాళ్లను అండీ అనడం ఆమెకు అలవాటైపోయింది.

పక్క బుడగ మెల్లగా నిండింది. "ఊహించి గీస్తే పిల్లలు నవ్వక ఏం చేస్తారమ్మా? ఇటు తిరుగు. చూసి గియ్యి."

చెల్లెలు మొన తేలిన పెన్సిల్‌నే మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది.