రెండు మార్కులు తక్కువ

"సంతకం పెట్టు చౌగులే. మీ నాన్నతోనూ పెట్టించుకురా."

ఘోర్పడే సర్ బల్ల మీదికి తోసింది పదిహేడో నంబరు ఫారం. బడి మానేసినవాళ్ళు బయటినుంచి పదో తరగతి పరీక్ష రాయడానికి నింపే కాగితం.

"నేను బడి మానలేదు కదా సర్?" అంది సావనీ.

"లెక్కల్లో ఇరవైకి మూడు. నీ ఒక్కదాని కోసం గేటు మీది 'నూటికి నూరు శాతం' బోర్డు పీకేయమంటావా? ఇంట్లో కూర్చుని రాసుకో."

"మరి సైన్సు..."

"చక్కెర మిల్లులో రసం పరీక్షించే కెమిస్టువి అవుతానన్నావు కదూ? చెరుకు కొట్టడం నేర్చుకో. మీ నాన్న చెబుతాడు."

క్లాసంతా గొల్లుమంది.

సావనీ ఫారం పట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడి బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నూలు చీర, కారుతున్న గొడుగు, చేతిలో అదే ఫారం.

"నువ్వూ ఫెయిలేనా పిల్లా?"

"ఇంకా అవలేదు. అవకముందే తోలేస్తున్నారు."

"నాదైతే లెక్కలొక్కటే. పంతొమ్మిదిసార్లు రాశాను."

ఏడుపులోనే సావనీకి నవ్వొచ్చింది. "ఎన్నొచ్చాయి మావుశీ?" అంది, పిన్నిని పిలిచినట్టు.

"పోయినసారి ముప్పై మూడు. పాసుకి రెండు తక్కువ. ఆ రెండింటి అంతు చూడకుండా ఊరుకుంటానా?"

ఆవిడ సావనీ చేతిలోని ఫారం లాక్కుని చదివింది.

"బడి మానేశానని రాసి ఉంది. మానేశావా?"

"లేదు."

"మరి అబద్ధం కింద సంతకం ఎందుకు పెడతావే?"

సావనీ ఫారాన్ని నాలుగు ముక్కలు చేసింది. వెనక్కి వెళ్ళి సర్ బల్ల మీద పెట్టింది.

"తీసేయాలంటే మీ చేత్తో నా పేరు కొట్టేయండి సర్. నేను మాత్రం మానను."

ఘోర్పడే సర్ ఆ ముక్కలను ఏరి సొరుగులో పెట్టుకున్నారు. ఎందుకో ఆమె పేరు మాత్రం కొట్టేయలేదు.

ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్‌స్టాండులో మావుశీ కనబడింది.

"ఈ త్రిభుజాల గోల కాస్త చెప్పి పెట్టవే."

"నాకే రాదు!"

"వచ్చే శనివారం చెప్పు. నేనెక్కడికి పోతాను?"

సావనీ వారమంతా కూర్చుని నేర్చుకుని వెళ్ళింది. ఎంత చెప్పినా మావుశీ ఒక పట్టాన ఒప్పుకోదు. "ఎందుకని?" అంటుంది. జవాబు చెబితే మళ్ళీ "అదెందుకని?"

"నీ బుర్రలో ఉన్నది బెల్లమా మావుశీ?"

"బెల్లానికి పేరుపడ్డ కొల్హాపూర్ బుర్ర. ఇంకేం ఉంటుంది? చెప్పు, ఎందుకని?"

వానలు వెలిశాయి, చెరుకు కోతలు మొదలయ్యాయి. ఆ 'ఎందుకని'లకి జవాబులు వెతికి వెతికి సావనీ లెక్కల పుస్తకానికి అట్ట ఊడిపోయింది.

మాఘమాసంలో మావుశీ రావడం మానేసింది. పరీక్ష హాల్లోనూ కనబడలేదు.

"ఇరవయ్యోసారికి జంకింది!" అని సావనీ పళ్ళు కొరికింది. ఆ కోపంతోనే పేపరు మొత్తం రాసి పారేసింది.

లెక్కల్లో ఎనభై ఒకటి వచ్చాయి.

పాలకోవా పేడాల డబ్బాతో ఆఫీసుకు వెళ్ళింది. ఘోర్పడే సర్ అక్కడే ఉన్నారు. మొదటి పేడా ఆయన చేతిలోనే పెట్టింది.

"సైన్సులో చేరుతున్నాను సర్. చెరుకు నాన్న కొడతాడు, రసం నేను చూస్తాను."

తర్వాత గుమస్తా గురవ్ కాకా వైపు తిరిగింది. "కాకా, లెక్కలొక్కటే కట్టిన మావుశీ ఇల్లెక్కడ? ఈసారి చెయ్యి పట్టి లాక్కొచ్చి పరీక్ష రాయిస్తాను."

గురవ్ కాకా కళ్ళజోడు తీసేశారు.

"ఆమె ఏ ఏడూ ఫారం కట్టలేదమ్మా. పక్క ఊరి బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన పంతులమ్మ, ఇందుమతి బాయి. ఏటా ఈ ఫారాలిచ్చే రోజుల్లో వచ్చి ఆ బల్ల మీద కూర్చునేది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. మాఘంలో పోయింది."

సావనీ ఖాళీ బల్ల వైపు చూసింది.

ఘోర్పడే సర్ పేడాను నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయారు.

"నీతో ఎన్ని మార్కులొచ్చాయని చెప్పింది?"

"ముప్పై మూడు సర్."

"నేను పదో తరగతిలో ఆ కిటికీ దగ్గర నా ఫారం పట్టుకుని నిలబడిన రోజున," అన్నారు ఆయన మెల్లగా, "ఇరవై తొమ్మిదే వచ్చాయంది."