రెండున్నర పెట్టెలు

"ఎనిమిది!" అన్నాడు బ్యాండు మాస్టారు, వేళ్ళు ముడిచి. "ఇరవై డ్రమ్ము దెబ్బలదాకా సాగాల్సిన స్వరం. ఎనిమిదికే నీ బాకా ఆవలించింది."

మిల్లు బ్యాండులో బాకా ఊదే బాకన్న సమాధానం చెప్పబోయి దగ్గాడు. ఆ దగ్గుకి గోడగడియారం అర నిమిషం వెనక్కి నడిచిందంటారు. నిమిషమన్నది ఉత్త కోత.

"మిల్లు వార్షికోత్సవం మూడు నెలల్లో ఉంది. అప్పటికి ఇరవై రాకపోతే బాకా ఇంకొకరికి. నువ్వు కంచు తాళాలు వాయించుకో."

ముప్పై ఏళ్ళు బాకా పట్టిన చేతికి తాళాలు! అంతకంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఈల నయం. బాకన్న అనే పేరు సగం ఆయన ఊదే పనివల్ల, సగం తన గొప్ప తానే ఊదుకునే గుణంవల్ల వచ్చింది. రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. మూడుసార్లు మానాడు. "మానడం నాకు మంచినీళ్ళ ప్రాయం, అందుకే మాటిమాటికీ మానుతుంటా" అనేవాడు. ఎవరైనా సలహా చెబితే పూనకం వచ్చేది. తనని సలహా అడిగితే మాత్రం చంకలు గుద్దుకునేవాడు.

"ఈసారి జంటగా మానాలి," అన్నాడు మాస్టారు. "ఇద్దరిలో ఏ ఒక్కడు వెలిగించినా ఇద్దరూ బ్యాండు బయటే."

"నాకు జత ఎవరు?"

మూలనుంచి పెద్ద డ్రమ్ము వాయించేవాడు చెయ్యెత్తాడు. వేరే మిల్లునుంచి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. "నేనన్నా. నాదీ అదే జబ్బు."

"రోజుకెన్ని?"

"మీరెన్ని?"

"రెండు పెట్టెలు."

"నావి రెండున్నర."

బాకన్నకి కాస్త చిన్నతనంగా అనిపించింది. "ఏ రకం?"

"మీరు కాల్చేదే అన్నా."

"అయితే నీ పని అయిపోయినట్టే. భయపడకు, నా వెనకే ఉండు."

మర్నాటినుంచి డ్రమ్ము తమ్ముడు నీడలా తగులుకున్నాడు. టీ వేళకి సరిగ్గా తయారు.

"అన్నా, నాలిక పీకేస్తోంది. నావల్ల కాదు."

"లవంగం నములు."

"నమిలా."

"నీళ్ళు తాగు."

"తాగా. మీరు కాస్త ఊదండన్నా, నేను వాయిస్తా. చేతులకి పనుంటే మనసు అటు పోదు."

బాకన్న నాలికా అప్పుడు పీకుతూనే ఉండేది. కానీ ఏడ్చేవాడి ముందు తనూ ఏడిస్తే పెద్దరికం ఏముంది? బాకా అందుకునేవాడు. అవతల డ్రమ్ము దెబ్బలు లెక్కపెట్టేది. తొమ్మిది. వారం తిరిగేసరికి పదకొండు.

"నీకోసం ఎన్ని తిప్పలు పడుతున్నానో చూడు," అనేవాడు బాకన్న.

"మీరు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అన్నా."

పంతొమ్మిదో రోజు మిల్లులో బాకన్న నడిపే మగ్గం మొరాయించింది. ఫోర్‌మన్ పదిమందిలో తిట్టాడు. బాకన్న తిన్నగా వెళ్ళి ఒక పెట్టె కొన్నాడు, గోదాము వెనక్కి నడిచాడు. ఒకటి పెదాల మధ్య పెట్టుకున్నాడో లేదో, పక్కన డ్రమ్ము తమ్ముడు ప్రత్యక్షం.

"నాకూ ఒకటివ్వండి. మునిగితే ఇద్దరం కలిసే మునుగుదాం."

తనే పెట్టెలోంచి లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీసి ఫిల్టరు వైపు అంటించబోయాడు.

"ఒరే, అటు కాదురా! పంతొమ్మిది రోజులకే ఏ కొసో మర్చిపోయావా?"

"కళ్ళు మసకబారుతున్నాయన్నా. అంత పీకేస్తోంది."

తిప్పి పెట్టుకుని ఇంకో పుల్ల గీశాడు. మంట ఇంకో అంగుళం జరిగితే చాలు. వీడికి ముగ్గురు పిల్లలు. బ్యాండులో చోటు పోతే మిల్లు ఇచ్చిన ఇల్లూ పోతుంది. బాకన్న ఒక్క ఊపున వాడి నోట్లోది లాగేశాడు, తన నోట్లోది ఉమ్మేశాడు. రెండిటినీ పెట్టెతో కలిపి చెప్పుకాలితో నలిపాడు.

"నా కళ్ళముందు నువ్వు వెలిగిస్తే ఇక నేనేం పెద్దవాణ్ణిరా? పద, డ్రమ్ము తియ్యి!"

ఆ పూట పదమూడు దెబ్బలు సాగింది బాకా. ఆ తర్వాత ఆయన మళ్ళీ పెట్టె కొనలేదు. పదిహేను. పదిహేడు. దగ్గు ఎటుపోయిందో కూడా గమనించలేదు. తమ్ముణ్ణి కాచుకునే హడావిడిలో ఉన్నాడు మరి.

వార్షికోత్సవం రోజున పాట చివరికొచ్చింది. బాకన్న ఊపిరి పీల్చి స్వరం అందుకున్నాడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. డ్రమ్ము ఆగలేదు. బాకా ఆగలేదు. ఇరవై మూడు! ముందు వరసలో గుమాస్తా అప్పుడే ఆవలింతకి నోరు తెరిచాడు. స్వరం ఆగేదాకా మూయడం మర్చిపోయాడు. ఈలోగా కట్టుడుపళ్ళు తడారిపోయాయట.

మాస్టారు బాకాని తన చేత్తో తుడిచి, మళ్ళీ ఆయన చేతుల్లోనే పెట్టాడు.

పిల్లల్ని వెంటేసుకుని డ్రమ్ము తమ్ముడి భార్య వేదిక దగ్గరికొచ్చింది. "ఎంత బాగా ఊదారు బావగారూ!"

"ఊదడానికేముందమ్మా! నేను మానడమూ ఒక గొప్ప కాదు. మూడు నెల్లు నీ మొగుణ్ణి కంటికి రెప్పలా కాచాను. వాడిచేత మానిపించాను చూడు, అదీ గొప్ప!" బాకన్న ఛాతీ పొంగింది. చొక్కా గుండీ తెగి, ఎగిరి, తాళాలకి తగిలి ఠంగుమంది.

ఆవిడ మొగుడివైపు చూసింది. అతను తలెత్తకుండా, ఎప్పుడో బిగించిన డ్రమ్ము మరల్నే మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఏం మానిపించారు?"

"సిగరెట్లమ్మా! రోజుకి రెండున్నర పెట్టెలు!"

"ఆయన జన్మలో ఒక్కటీ కాల్చలేదు బావగారూ."