కళ్లంలో జోడెద్దులు

కళ్లంలో పరిచిన వరి పనల మీద జోడెద్దులు గుండ్రంగా తిరుగుతున్నాయి. కుడి ఎద్దు లోపలి వైపు, దానిది చిన్న చుట్టు. ఎడమ ఎద్దు బయటి వైపు, దానిది పెద్ద చుట్టు.

"అరిగేది నా గిట్టలు, సుఖం నీదా?" అని ఎడమ ఎద్దు కుళ్లుకుంది.

"కళ్లం మీద ప్రేమున్నవాడు అడుగులు లెక్కపెట్టడు," అంది కుడి ఎద్దు. దాని ఏడుపు దానిది, బయటి ఎద్దుకి గాలి తగులుతోందని.

మధ్యాహ్నం రైతు జోడీని వెనక్కి మళ్లించి ఎదురు దిక్కుగా తోలాడు. ఎడమది లోపలికొచ్చింది, కుడిది బయటికి పోయింది.

"అరిగేది నా గిట్టలు, సుఖం నీదా?" అంది కుడి ఎద్దు.

"కళ్లం మీద ప్రేమున్నవాడు అడుగులు లెక్కపెట్టడు," అంది ఎడమ ఎద్దు.

పొద్దుగూకేదాకా ఒకదాన్ని చూసి ఒకటి ఏడుస్తూనే ఉన్నాయి. ఒక్క గింజ నోట పడకుండా రైతు రెండింటి మూతులకూ కట్టిన చిక్కాల ఊసు మాత్రం ఏదీ ఎత్తలేదు.